సర్వేకు సర్దిన గది

తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు మాట. నేను నాచారంలో సర్కారు బడి టీచర్ని. తెల్లకార్డు ఎవరికివ్వాలో తేల్చే సర్వేకి మమ్మల్నే తోలారు. మాది కృష్ణా జిల్లా. చిల్కానగర్ సందుల్లో నా మాట వింటే నవ్వేవాళ్ళు. ఆ పొద్దున మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. నా చేతిలో కాగితం చూసి ఇల్లిల్లూ పేదదైపోయింది. టీవీల మీద దుప్పట్లు, బండ్లు పక్క సందులో. రెండంతస్తుల మేడ ఓనరు చిరుగు బనీనుతో బయటికొచ్చి, "మాకేమున్నది టీచరమ్మా, కిరాయికున్నోళ్ళ లెక్కనే ఉన్నం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మేడ వెనక వరుసగా కిరాయి గదులు. చివరి గదిలో నా క్లాసు పిల్ల ఉండేది. నల్లగొండ వైపు నుంచి వచ్చారు, తండ్రి రంగుల ఫ్యాక్టరీలో కూలీ. చూస్తే గదిలో టీవీ ఉంది, టేబుల్ ఫ్యాను తిరుగుతోంది, మెత్త కుర్చీలు రెండున్నాయి. తల్లి నన్ను కూచోబెట్టి చాయ్ ఇచ్చింది.

"ఇవన్నీ మీవేనా?" అని అడిగాను. ఆమె కూతురి వైపు చూసింది. "మావే" అంది. హమ్మయ్య, నిజం చెప్పే మనిషి ఒక్కరైనా దొరికారనుకుని మహా సంతోషంగా టిక్కులు పెట్టాను.

ఆ వరుసలో ఎవరింటికి చుట్టాలొచ్చినా అందరి సామానూ ఆ ఇంటికి చేరుతుందని, వాళ్ళు వెళ్ళాక ఎవరిది వాళ్ళు పట్టుకుపోతారని నాకప్పుడు తెలియదు. కూతురి టీచరు మొదటిసారి వస్తోందని ఆమె ముందురోజే అందరినీ అడిగి తెచ్చిపెట్టుకుందట. ఊరంతా నన్ను సర్కారనుకుంటే ఆమె చుట్టమనుకుంది.

వాళ్ళకి కార్డు రాలేదు. ఓనరుకి వచ్చింది.

కొన్నాళ్ళకి పిల్ల తండ్రికి గుండెజబ్బు బయటపడింది. తెల్లకార్డుంటే ఆపరేషన్ ఉచితం, లేకపోతే వాళ్ళ తరం కాదు. ఆమె నా దగ్గరికొచ్చి సామాను సంగతి చెప్పింది.

"గవి మావి కావని సెప్పనీకి సిగ్గైంది టీచరమ్మా. పిల్ల మొకం సూస్తే నోరు రాలె."

తప్పు దిద్దమని ఆఫీసు చుట్టూ తిరిగాను. సంతకం పెట్టిన కాగితాన్ని కాదంటే విచారణ నామీదికే వస్తుందని బెదిరించి పంపారు. చివరికి ఆమెని వెంటబెట్టుకుని బస్తీ లీడరు దగ్గరికి వెళ్ళాను. ఓనరుకి కార్డు ఇప్పించింది ఆయనే.

"జర ఓపిక పట్టు చెల్లె. ఎలక్షన్ల ముంగట కొత్త కార్డులొస్తయ్. మొదటిది నీదే" అన్నాడు. ఆమె దండం పెట్టింది. సిగ్గు విడిచి నేనూ పెట్టాను.

పిల్ల తండ్రి గుండె ఎలక్షన్ల దాకా ఓపిక పట్టలేదు.

కార్డు మాత్రం అన్నమాట ప్రకారం వచ్చింది. లీడరు మైకులో పిలిచి మరీ ఇచ్చాడు. ఆమె ఓటు కూడా ఆయనకే వేసింది. ఉండబట్టలేక ఎందుకు వేశావని అడిగాను. "ఇచ్చినోనికెయ్యకుంటే ఎవలికేస్త?" అంది. కోపం ముంచుకొచ్చింది గానీ, ఆమె మీద కోపగించుకునే ముఖం నాకెక్కడిది?

ఆ తర్వాత కార్డుల్లోంచి చనిపోయినవాళ్ళ పేర్లు ఏరేయమని తనిఖీకి మళ్ళీ నన్నే పంపారు. ఆ గదిలో చాప మీద కూచున్నాను. అతని పేరు కొట్టేస్తే ఆ కార్డు తీసుకుపోయి, ఆమెకి కొత్తది ఇస్తారు. అదే చెప్పాను. ఆమె కార్డు ఇవ్వలేదు.

"పేరు కొట్టెయ్యకుర్రి టీచరమ్మా."

బియ్యం కోసమేమో అనుకున్నాను. ఆమె కార్డు మీద అచ్చైన ఫొటోని కొంగుతో తుడిచింది. అతను బతికుండగా కొత్త కార్డు దరఖాస్తు కోసం తీయించిన ఫొటో అది.

"మేం ముగ్గురం ఒక్కకాడున్న ఫొటో గిదొక్కటే" అంది.

అతని పేరుకి ఎదురుగా 'ఉన్నారు' అని రాసి సంతకం పెట్టాను.