పడవకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో మా వైపు ఎవరు ఏ కొట్టు తెరిచినా, ఎందుకు తెరిచావయ్యా అంటే "ఎయిర్‌పోర్టు వస్తన్నాది కదా" అనేవారు. పకోడీల బండివాడిదీ అదే మాట, పూలకొట్టువాడిదీ అదే మాట. భోగాపురంలో అప్పటికి విమానం దిగకపోయినా, దాని పేరు చెప్పుకుని విజయనగరం నుంచి సముద్రం దాకా జనం అప్పుడే సగం ఎగిరిపోతూ ఉండేవారు. అలా ఎగిరినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. విశాఖపట్నంలో చిత్రకళ చదివి, పట్టా పుచ్చుకుని గజపతినగరంలో ఇంటికొచ్చి కూర్చుంటే, వరిచేను తప్ప మరో దృశ్యం వైపు కన్నెత్తి చూడని మా నాన్న "ఈ సదువుకి ఉద్యోగం ఉంటాదేటే?" అని రోజూ అన్నం ముందు కూర్చుని అడిగేవాడు. ఉంటుందని ఆయనకు చూపించే అవకాశం విజయనగరం షావుకారు ఒకాయన పుణ్యమా అని వచ్చింది.

షావుకారుగారిది తాతల నాటి కిరాణా వ్యాపారం. "విమానాలొస్తాయి. విమానాలొస్తే హోటళ్ళొస్తాయి. హోటళ్ళకి గోడలుంటాయి. గోడలకి బొమ్మలు కావాల. అవునా, కాదా?" అని నన్ను అడిగారు. అవునన్నాను (ఉద్యోగం కావాలి మరి). గోనెసంచుల బేరాల్లో పరిచయమైన కలకత్తా దళారీ ఒకడు, ఫ్రాన్సులో పుట్టిన ఇంప్రెషనిస్టు పద్ధతిలో అమెరికావాళ్ళు వేసిన ప్రకృతి దృశ్యాలు కొన్ని, అమ్మిపెట్టమని ఆయనకు పంపించాడు. అందులో నూరేళ్ళ కిందటివి ఉన్నాయి, ఇప్పుడు బతికున్నవాళ్ళు వేసినవీ ఉన్నాయి. "ఫ్రాన్సువైతే కోట్లంట. ఇయ్యీ అదే ఎండ, అదే నీడ. రేటు తక్కువ" అని షావుకారుగారు కళాచరిత్రను రెండు ముక్కల్లో తేల్చేశారు. అలా రోడ్డు పక్కన ఒక ఏసీ హాల్లో పాతవాటికి ఒక గది, కొత్తవాటికి ఒక గది కట్టించి గ్యాలరీ తెరిచాం. బోర్డు మీద 'అమెరికా' అన్న మాట మరీ పెద్దక్షరాల్లో రాయించడం వల్ల మొదట్లో వచ్చినవాళ్ళందరూ పాస్‌పోర్టులు పట్టుకుని వీసా కోసం వచ్చినవాళ్ళే.

వీసా బేరాలు తగ్గాక అసలు జనం రావడం మొదలెట్టారు. వచ్చినవాళ్ళను నేను వదిలిపెట్టేదాన్ని కాదు. "ఇది చెట్టు కాదండీ, చెట్టు మీద పడిన వెలుగు. ఆ క్షణంలో కంటికి తగిలిన వెలుగును చిత్రకారుడు విడివిడి రంగుల్లో పట్టుకున్నాడు" అని మొదలుపెట్టి, ఏసీ చల్లదనానికి వాళ్ళ చేతులు ముడుచుకుపోయేదాకా చెప్పేదాన్ని. ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తుడుచుకుని "జోడు మార్సాలమ్మా, పొద్దున్నుంచి ఇలాగే ఉన్నాది" అన్నాడు. సాలూరు నుంచి వచ్చిన లారీల ఓనరు ఒకాయన కొండదారి బొమ్మ ముందు చాలాసేపు నిలబడితే నా ప్రాణం లేచొచ్చింది. చివరికి ఆయన "ఈ మలుపులో పది టైర్ల బండి తిరగదమ్మా" అని తేల్చేశాడు. ఇంకొకాయనకు, కాస్త దూరం నుంచి చూస్తే రంగులన్నీ కలిసి కనిపిస్తాయని చెప్పాను. ఆయన ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ, నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండా, గుమ్మం దాటి మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఒక్క బొమ్మ కూడా అమ్ముడుపోలేదు. షావుకారుగారు ఒకరోజు నన్ను పిలిచి "సూడమ్మా, దసరా దాకా సూస్తాను. అప్పటికీ ఒక్కటీ కదలకపోతే ఇక్కడ టైల్సు పెట్టీస్తాను. టైల్సు కొనేవోడికి ఎండా నీడా సెప్పక్కర్లేదు" అన్నారు. అంటే నా ఉద్యోగం పోతుంది, మా నాన్న నన్ను బ్యాంకు పరీక్షల కోచింగులో చేర్పిస్తాడు. లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ చలిజ్వరం.

దసరా వచ్చింది. హోటలు కడుతున్న ఒకాయన, హైదరాబాదు నుంచి తెప్పించుకున్న డిజైనరు మేడంతో ఆ మధ్యాహ్నమే వస్తానని కబురు చేశాడు. అదే మాకు ఆఖరి ఆశ. పొద్దున్న గ్యాలరీలో పూజ పెట్టుకున్నాం. పూజకు షావుకారుగారి తల్లి వచ్చారు. అందరం మామ్మగారు అనేవాళ్ళం. ఆవిడ గ్యాలరీలో అడుగుపెట్టడం అదే మొదలు. కొబ్బరికాయలు తక్కువయ్యాయని నన్ను బజారుకు పంపారు. తిరిగొచ్చేసరికి మామ్మగారు గంధం గిన్నె, కుంకం భరిణె పట్టుకుని తీరిగ్గా స్టూలు మీద కూర్చుని ఉన్నారు. గోడల వైపు చూశాను. అమెరికా అంతటికీ బొట్లు పెట్టి ఉన్నాయి.

"మామ్మగారూ! ఏటి చేశారండీ ఇది?" అన్నాను.

"ఏటి సేసినాను? బీరువాకి ఎట్టినాను, ఏసీకి ఎట్టినాను, నువ్వు కూకునే కుర్సీకి ఎట్టినాను. ఈటికి ఎట్టకపోతే ఇయ్యేటి పాపం సేసుకున్నాయి?"

"ఫ్రేముకు పెట్టొచ్చు కదండీ!"

"ఫ్రేము కొయ్య కదేటే గుంటా. కొయ్యకి ఎట్టి బొమ్మని ఒగ్గీమంటావా? మొకం ఎక్కడున్నాదో ఎతుక్కుని ఎతుక్కుని ఎట్టినాను. ఆ ఇంటికి గడపకి ఎట్టినాను. గడ్డివాముకి పైన ఎట్టినాను. నేలంతా తెల్లమంచు కప్పీసిన ఆ బొమ్మకి మట్టుకు ఎట్టలేదు. ఎక్కడ ఎట్టినా నెత్తురు మరకలాగ అగుపిస్తాది. ఇదిగో, ఈ పడవ సూడు. పొద్దున్నే మంచులో సేపల ఏటకి ఎల్తన్నాది. ఉత్తినే ఎలాగ పంపుతాం?"

పడవ బొమ్మ పాత గదిలోది. అమెరికా తూర్పు తీరంలో, పెద్దగా పేరు రాని చిత్రకారుడెవరో నూరేళ్ళ కిందట వేసినది. బొమ్మంతా బూడిదరంగు పొగమంచు, అందులో కనీకనిపించని పడవ. దాని ముక్కు మీద ఇప్పుడు గంధం, గంధం మీద కుంకం. మామ్మగారు చెప్పిందేదీ ఆ క్షణంలో నా చెవికెక్కలేదు. నా కళ్ళకు వరసగా టైల్సు కనిపిస్తున్నాయి. ఏడుపొచ్చేసింది. తుడుద్దామని దూది తీసేలోగా, చెప్పిన వేళకన్నా ముందే బయట కారు ఆగింది.

హోటలాయన మా వైపు రైతే. చొక్కా ఖరీదు పెరిగింది గానీ నడక మారలేదు. డిజైనరు మేడం మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా బొమ్మలన్నీ దాటుకుంటూ వెళ్ళి పడవ ముందు ఆగింది. నేను "ఇందులో చిత్రకారుడు ఆ క్షణంలో కంటికి తగిలిన..." అని అందుకున్నాను. ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది. కాసేపటికి "ఈ ఎరుపు చూడండి. ఇంత మంచులో ఒక్కటంటే ఒక్క చుక్క! ఎంత ధైర్యం ఉంటే పెడతాడు!" అంది. షావుకారుగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"ధైర్యమేటమ్మా, గంధం ఆరకముందే ఎట్టీయాల, అంతే" అన్నారు మామ్మగారు స్టూలు మీద నుంచి.

ఆ తర్వాత నిజం దాచడానికి ఏమీ మిగల్లేదు. హోటలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మేడం మొహం ఎర్రబడింది. "తుడిచేయండి. అసలు బొమ్మ చూడాలి కదా" అంది. షావుకారుగారు గోడకు చేరబడ్డారు. నేను దూదిపుల్లతో మెల్లగా తీశాను. పాత వార్నిషు గట్టిది కాబట్టి మచ్చ కూడా మిగలకుండా వచ్చేసింది. అందరం వెనక్కి జరిగి చూశాం. నూరేళ్ళుగా ఎలా ఉందో అలాగే ఉంది పడవ.

"ఏటోనమ్మా, ఇందాకే బాగున్నాది" అన్నాడు హోటలాయన.

చిత్రకారుడి ఉద్దేశం గురించి చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, మళ్ళీ పడవ వైపు చూసి, మూసేశాను. నాకే బోసిగా అనిపించింది. దాని ఎదురుగా వేసవంతా కుర్చీ వేసుకుని కూర్చున్నదాన్ని, అది ఎక్కడికి వెళుతోందో ఒక్కసారి కూడా అనుకోలేదు. మేడం చాలాసేపు చూసి, గొంతు తగ్గించి "మామ్మగారూ, మళ్ళీ పెడతారా?" అంది.

"నానెందుకు? తుడిసిందెవురో ఆలే ఎట్టాల" అని మామ్మగారు భరిణె నా చేతికిచ్చారు. నేను వేలు ముంచి ముందుకు వంగాను. "ఓలమ్మో, అంత కిందకేటే! ములిగిపోద్ది! ఇంకాస్త మీదకి... ఆ, అక్కడ!" బొట్టు పెట్టాను. పట్టా కోసం వేసిన బొమ్మలన్నిటికీ కలిపి అంత శ్రద్ధ పెట్టలేదు నేను.

పడవ అమ్ముడుపోయింది. గడపకు బొట్టున్న ఇల్లూ, గడ్డివామూ కూడా అమ్ముడుపోయాయి. "పూజ సేసినవే ఇవ్వండి, బొట్టు లేని ఆ తెల్లమంచుది వద్దు" అన్నాడు హోటలాయన. షావుకారుగారు తల్లి కాళ్ళకు దండం పెట్టారు. నా వైపు తిరిగి "రేపు వేళకి వచ్చీ అమ్మా" అన్నారు. ఆ మాట విని నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను. మొహం కడుక్కుని బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను.

"అమ్మేశాను నాన్నా!"

"అలాగా! ఏటున్నాదే ఆ బొమ్మలో అంత?"

నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. వెలుగు, క్షణం, విడివిడి రంగులు. అవన్నీ పక్కన పెట్టి "పడవ నాన్నా. మంచులో ఏటకి ఎల్తన్నాది" అన్నాను.

"ఒక్క పడవే? మంచులోనా?" అన్నాడు, వరిచేను తప్ప ఏమీ చూడని మా నాన్న. "తిరిగొస్తాదేటే?"

"వస్తాది నాన్నా. బొట్టెట్టి పంపినాం."

చదివిన చదువులో ఒక్క ముక్కా వాడకుండా ఆ పిల్ల (అంటే అప్పటి నేనే) ఒక చిత్రం గురించి మాట్లాడడం అదే మొదటిసారి. అక్కడితో బుద్ధొచ్చి మారిపోయిందని రాస్తే నాకూ బాగానే ఉంటుంది. కానీ మర్నాడు పొద్దున్న వచ్చిన మొదటి మనిషికే వెలుగు గురించి మొదలుపెట్టి, మళ్ళీ గుమ్మం దాకా సాగనంపింది. వయసు అలాంటిది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదులెండి, నాకే తిరిగి చెప్పేది.