పసుపంటిన మాటలు

రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం గుమాస్తా వెంకటరాజం చేతులకు ఎంత కడిగినా పసుపు వదలదు. ఆర్మూర్ బజారులో పసుపు కుప్పల మధ్య కూర్చుని బొంబాయి వర్తకులకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం ఆయన పని. ఒక క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థాన్ని ఎటో తిప్పేయడం ఆయనకు ఇరవై ఏళ్లయినా వింతే. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. ఎదురైన ప్రతి జంటనూ నోటుపుస్తకంలోకి ఎక్కించి, తమలపాకు నములుతూ గొణుక్కుంటాడు. ఆ పుస్తకం మూలలన్నీ ఆయన వేళ్లకు పచ్చబడ్డాయి.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, నందిపేట్ వెంకవ్వకు దుకాణం చిరునామా మీద టెలిగ్రాం వచ్చింది. ఆమె కొడుకు ముత్తెన్న బొంబాయి మిల్లులో పనిచేస్తాడు. వెంకటరాజం రెండుసార్లు చదివి, ఆమెకు కబురంపి, కాగితం పట్టుకునే కూర్చున్నాడు. శుభవార్త ఉత్తరాలకే మూలలకు పసుపు రాస్తారు కదా, వస్తూనే ఆ కాగితం మూలల పసుపు చూసి వెంకవ్వ ముఖం విప్పారింది.

"కోడలికి కాన్పయ్యిందా, పంతులూ?"

"కాదవ్వా. జరమొచ్చి ముత్తెన్న పోయిండు." ఆయన గొంతు మారలేదు.

ఆమె కాగితం అందుకుని మూలను వేలితో తడిమింది.

"మరి గీ పసుపెవరు పెట్టిండ్రు?"

ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. ఆమె తల ఊపి, కాగితం కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

వెంకటరాజం నోటుపుస్తకం తెరిచాడు. పాస్ ఆన్, పాస్ బై, పాస్ ఔట్. వాటి కింద టెలిగ్రాంలో చూసిన పాస్ అవే రాశాడు. అర్థం రాయలేదు. పేజీ తిప్పుతుంటే దాని మూలకూ పసుపంటింది.