సుభద్ర ఆంటీ నదిలో చివరి రెండంగుళాలు

స్టవ్ మీద రవ్వ వేగుతోంది. నేతి వాసన ఫ్లాటంతా కమ్ముకుంది. కిటికీ అవతల వాట్‌ఫర్డ్ వాన సన్నగా కురుస్తూనే ఉంది కానీ, నా చెవుల్లో మాత్రం భాగీరథి హోరు. ఉప్మా రవ్వకూ, హిమాలయాల్లో మంచు కరిగి పుట్టే నదికీ ఏమిటండీ సంబంధం అని మా ఆవిడ నవ్వుతుంది. ఆ సంబంధం పేరు సుభద్ర ఆంటీ. ఆవిడను మీరు చూడలేదు కాబట్టి, రవ్వ ఎర్రబడేలోగా చెప్పేస్తాను.

వై2కె హడావిడిలో ఉద్యోగం దొరికి నేను రాజమండ్రి నుంచి ఈ ఇంగ్లీషు ఊరికొచ్చి పడ్డప్పుడు ఆంటీ మా వీధి చివర ఉండేవారు. అనంతపురం మనిషి, హాస్పిటల్లో మత్తు డాక్టరు. మనుషుల్ని నిద్రపుచ్చడం ఆవిడ ఉద్యోగమైతే, ఆదివారం పొద్దున్నే మాలాంటి బద్ధకస్తుల్ని నిద్ర లేపి కొండలెక్కించడం ఆవిడ సరదా. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వంటగది గోడ మీద పెద్ద మ్యాపు కనిపించింది. అందులో ఆ హిమాలయాల నది వెంబడి ఎర్ర పెన్సిలు గీత. ప్రతి సెప్టెంబరులో రెండు వారాలు సెలవు పెట్టి, రిషీకేశ్ నుంచి ఎగువకు నదిని పట్టుకుని నడుస్తున్నారట. ఏడాదికి కాస్త. పక్కనే బస్సులు తిరిగే రోడ్డున్నా ఎక్కేవారు కాదు. ఎందుకాంటీ ఇంత పంతం అని అడిగాను.

"నీకేమప్పా, గోదారోనివి! మా పెన్నలో నీళ్ళొచ్చినాయంటే ఊరంతా చూసేకి పోతాంటిమి. ఎండ కొడితే మా నది ఎండిపోతాది. ఈ నది చూడు, ఎండ కొట్టేకొద్దీ పొంగుతాది! పొద్దున మోకాటి కిందుండే వాగు మధ్యాన్నానికి నడుముకొస్తాది. ఇంత వింత యాడన్నా ఉందా?"

ఆ మాటలంటున్నప్పుడు ఆవిడ కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరిశాయి. నిజం చెప్పొద్దూ, ఇంటి పక్కనే గోదావరి పెట్టుకుని పెరిగిన నాకు నీళ్ళంటే అంత ఉత్సాహం రావచ్చని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఆవిడ వెంట వేల్స్ కొండలన్నీ తిరిగాను. ఏ వాగు దగ్గర ఆగినా ఆంటీ ముందు నీటి అంచున ఒక రాయి పెట్టేవారు. ఫ్లాస్కులో టీ తాగడం అయ్యాక వెళ్ళి, నీళ్ళు రాయిని దాటాయా, వెనక్కి తగ్గాయా అని చూసేవారు. వేల్స్‌లో రాయి ఎక్కడిదక్కడే ఉండేది. "అలవాటు కావాలప్పా, అక్కడ ఇదే ప్రాణం" అనేవారు.

నన్ను వెంట తీసుకెళ్ళిన ఏడాదికి మ్యాపులో రెండంగుళాలే మిగిలాయి. చీర్‌బాసా దగ్గర నుంచి, మంచుగుహలోంచి నది బయటికి దూకే గోముఖ్ వరకు. తిరిగి రాగానే ఆంటీకి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత కొండలు వద్దని డాక్టర్లు చెప్పేశారు, అంటే ఆ రెండంగుళాలు అప్పుడు నడవకపోతే ఇక లేదు. మేం నలుగురం, నేనూ, ఆంటీ, నా ఆఫీసు మిత్రులిద్దరూ; మాకు ముందు నడిచే గైడు బలవంత్ సింగ్. చీర్‌బాసా దాటి గుడారాలు వేశాం. తెల్లవారగానే ఎదుటి వాగు దాటి గోముఖ్ చూసి, ఆ రాత్రి అవతలే పడుకుని మర్నాడు వెనక్కి రావాలన్నది పథకం.

తెల్లవారింది, అక్కడే నా గొప్పతనం బయటపడింది. నాలుగు రోజులుగా బిస్కెట్లు నమిలి అందరి మొహాలూ వేలాడుతున్నాయి. నేనేమో వెంబ్లీలో మనవాళ్ళ కొట్లో కొన్న రవ్వ, జీడిపప్పు రహస్యంగా బ్యాగులో మోసుకొచ్చాను. "అరగంటలో వేడి వేడి ఉప్మా!" అని ప్రకటించాను. ఆ ఎత్తులో, ఆ గాలిలో కిరోసిన్ స్టవ్ నా మాట వింటుందా? మూడుసార్లు ఆరిపోయింది. మొత్తం మీద ఉప్మా తయారయ్యేసరికి రెండు గంటలు దాటింది. కానీ ఏం తిన్నారండీ! వేళ్ళు కాల్చుకుంటూ, నవ్వుకుంటూ తిన్నారు. ఆంటీ ఒకసారి గడియారం చూసుకుని, "ఇంకొంచెం పెట్టప్పా" అని ప్లేటు చాచారు. నేను పొంగిపోయి పెట్టాను.

వాగు దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నీళ్ళు బూడిదరంగులో రంకెలేస్తున్నాయి. అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు కాళ్ళకు తెలుస్తోంది. ఆంటీ రాయి పెట్టారు. పది నిమిషాల్లో అది మునిగిపోయింది. "ఈ రోజుకు లేదు" అన్నాడు బలవంత్ సింగ్. మర్నాడు సాయంత్రానికి గంగోత్రి చేరకపోతే విమానం తప్పుతుంది, సోమవారం ఆంటీకి హాస్పిటల్లో డ్యూటీ. అంటే మర్నాడు తెల్లవారుజామున దాటి, వాగు మళ్ళీ పొంగేలోగా పరుగున వెళ్ళి రావాలి. ఆ మోకాలితో ఆంటీ వల్ల కాదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏడుపు మొగం పెట్టొద్దు. నువ్వు పో. అంతా చూసి రా" అన్నారు ఆంటీ.

మిత్రులిద్దరూ ఆంటీకి తోడుగా ఉండిపోతే, చీకటి విడకముందే బలవంత్ సింగ్, నేను దాటాం. నీళ్ళు మోకాటి కిందే ఉన్నాయి. దారిలో అతను హిందీలో అన్నాడు, "నిన్న మీరు వంట చేస్తున్నప్పుడే నీళ్ళు పెరుగుతాయని మేడమ్‌కు చెప్పాను. 'తెలుసు, ఆ పిల్లోడు సంతోషంగా వండుతున్నాడు, ఉండనీ' అన్నారు." నా కాళ్ళు ఆగిపోయాయి. తర్వాత పరుగెత్తాను, నా జన్మలో అలా పరుగెత్తలేదు.

గోముఖ్ ముందు నిలబడి గట్టిగా అరిచాను. కొండంత మంచుగోడ, లోపల నీలం, అడుగున నల్లటి నోరు. అందులోంచి ఏకంగా నదే దూకుతోంది! ఫెళ్ళున ఒక మంచుపెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. అంతా కళ్ళలో నింపుకుని వెనక్కి పరుగెత్తాను. ఎండ ఎక్కుతుంటే వాగు దాటాను. ఇవతలి ఒడ్డున ఆంటీ తన రాయి పక్కనే ఫ్లాస్కుతో కూర్చుని ఉన్నారు.

"చెప్పు, చెప్పు! ఎట్లుంది?"

మూడుసార్లు చెప్పించుకున్నారు. మూడుసార్లూ మొదటిసారి వింటున్నట్టే చప్పట్లు కొట్టారు. ఆంటీ, మీకు తెలిసి కూడా అని నేనేదో మొదలుపెడితే, "ఉప్మాలో జీడిపప్పు బాగా ఏగింది" అని మాట తప్పించారు.

వాట్‌ఫర్డ్ తిరిగొచ్చాక నా చేతికి ఎర్ర పెన్సిలిచ్చి గీయమన్నారు. మీరు నడవలేదు కదా ఆంటీ, ఎలా గీయను అన్నాను. "నడిచినోడే గీయాల" అన్నారు. గీశాను. వంకరగా వచ్చింది. దాన్ని చూసి ఎంత మురిసిపోయారో!

ఆంటీ పోయి రెండేళ్ళయింది. ఆ మ్యాపు ఇప్పుడు మా వంటగది గోడ మీద ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఆరుగురిని రేపు వేల్స్‌కు తీసుకెళ్తున్నాను, సెప్టెంబరులో గోముఖ్‌కు. అందుకే రవ్వ ముందే వేయించి డబ్బాలో పోస్తున్నాను. వాగు దాటాకే ఉప్మా. అది నేర్చుకున్నాను. నాకింకా పట్టుబడనిది ఒకటుంది. గడియారం చూసుకుని, ఏం పోతోందో తెలిసి కూడా, "ఇంకొంచెం పెట్టప్పా" అని నవ్వుతూ ప్లేటు చాచడం.