నమలక్కర్లేని తిండి

రావులపాలెం బస్సులో కలిసినావిడ తీపి మీద ఆశ చావక ప్రాణం మీదికి తెచ్చుకుందని మా ఆడపడుచు ఇప్పటికీ అందరికీ చెబుతుంది. శుద్ధ అబద్ధం. వెనక సీట్లోంచి చూసింది తను, పక్కన కూర్చున్నది నేను.

షుగరుందని ఆవిడే చెప్పింది. చెబుతూనే సంచిలోంచి పూతరేకు తీసి కొరికింది. తెల్లటి రేకుకి నెత్తురంటింది.

"షుగరు పెట్టుకుని ఇదేంటండీ? చావాలనుందా?" అన్నాను. నా నోరు అలాంటిది.

"నమలగలిగితే దీని మొహం చూస్తానా అండీ? చిగుళ్ళు వాచి పళ్ళన్నీ కదులుతున్నాయి. షుగరు డాక్టరుగారు పుల్కాలు, పచ్చి కూరముక్కలు తినమంటారు. పళ్ళ డాక్టరుగారేమో షుగరు తగ్గితేగానీ పళ్ళు పీకనంటారు. పొద్దుటినుంచీ ఏం తినలేదండీ. బస్టాండులో నమలక్కర్లేనిది ఇదొక్కటే దొరికింది."

చిగుళ్ళు చెడితే షుగరు అదుపులోకి రావడం కష్టమని, అది అదుపులో లేకపోతే చిగుళ్ళు ఇంకా చెడతాయని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆవిడ నెత్తురంటిన ముక్కను మడిచి నోట్లో పెట్టుకుని, కరిగేదాకా కళ్ళు మూసుకుంది.

ఇంతకీ, పుల్కాలు తినమన్న ఆ డాక్టరు ఒక్కసారైనా ఆవిడను నోరు తెరవమన్నాడా?