లోపలి మెషీన్ చెప్పిన లెక్క

జోంబా ఊళ్ళో లెక్కల టీచరు ఎలుబీకి భయపడటమే అసలు ఉద్యోగమనీ, పాఠాలు చెప్పడం ఖాళీ టైంలో చేసే పనేననీ మొగుడు వైసన్ ఏడిపించేవాడు. ఆయనకేం, రోజూ లింబే పట్నానికి మినీబస్సు తోలుకుంటాడు. ఆ ఏడు ఎలుబీ భయానికి మాత్రం అర్థముంది. సోమవారంలోగా థీసిస్ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తామని యూనివర్సిటీ తేల్చి చెప్పింది. ఇన్నేళ్ళుగా స్కూలు, వంట, పిల్ల మధ్యలో దొంగచాటుగా చదివిన చదువంతా గంగపాలయ్యేలా ఉంది.

థీసిస్ మొత్తం ఒక్క సంఖ్య మీద నిలబడింది. పద్నాలుగు చుక్కల్ని గీతలతో కలిపే ఒక రకం బొమ్మలు ఎన్ని ఉన్నాయో తేల్చాలి. చేత్తో తేలే లెక్క కాదది. తేల్చే సాఫ్ట్‌వేరేమో లినక్స్‌లో తప్ప నడవనంటుంది. ఎలుబీ దగ్గరున్నది స్కూలువాళ్ళ లాప్‌టాప్. అందులో పిల్లల మార్కులున్నాయి కాబట్టి విండోస్ తీసెయ్యడానికి హెడ్‌మాస్టరు ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి గైడ్ సంగాలా మేడమే దారి చూపించింది. విండోస్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టి, దాంట్లో లినక్స్ నడిపించింది. ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యకుండా లోపలి గదిలో అద్దెకి దిగినట్టన్నమాట. ఎలుబీ దాన్ని లోపలి మెషీన్ అనేది.

"అంతా సర్దాక దానికో ఫోటో తీసి పెట్టాను. ఎప్పుడైనా పాడైతే ఆ ఫోటో దగ్గరికి వెనక్కి వెళ్ళొచ్చు. కానీ జాగ్రత్త, వెళ్ళావంటే ఆ తర్వాత చేసిందంతా పోతుంది" అని మేడమ్ చెప్పింది. ఎలుబీ అప్పుడే భయపడింది.

లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు పోతే అన్నీ పోయినట్టే. ఆ వీధిలో కరెంటు పోయే ముందు ఎదురుగా ఉన్న మొక్కజొన్న పిండిమిల్లు గొంతు కుంగుతుంది. ఆడవాళ్ళందరూ ఆ చప్పుడు బట్టే ఇస్త్రీ ఆపుతారు, నీళ్ళ మోటారు ఆపుతారు. ఎలుబీ అయితే పొయ్యి మీద మొక్కజొన్న సంకటి, సీమా, ఉడుకుతున్నా గరిటె పారేసి పరిగెత్తుకొచ్చి, లోపలి మెషీన్‌ని ఉన్నదున్నట్టు నిద్రపుచ్చేది. కరెంటొచ్చాక లేపితే లెక్క ఆగినచోటే మొదలయ్యేది. వారం పైగా ఇదే గోల.

గడువుకి రెండు రోజుల ముందు, శనివారం పొద్దున, తెర మీద సంఖ్య వచ్చింది. ముప్పై ఏడు. "అమ్మయ్యా!" అని ఎలుబీ గట్టిగా అరిచేసరికి కూతురు తాదాలా ఉలిక్కిపడింది. సరిగ్గా అప్పుడే మిల్లు గొంతు కుంగింది.

ఎలుబీ మౌసు అందుకుంది. మూసే గుర్తు నొక్కగానే ఎప్పటిలాగే చిన్న పెట్టె తెరుచుకుంది: నిద్రపుచ్చాలా, మామూలుగా ఆపాలా, ఒక్కసారిగా కట్టెయ్యాలా? చివరిదాని కింద చిన్న గడి ఉంది, ఫోటో దగ్గరికి వెనక్కి వెళ్ళాలా అని. కంగారులో వేలు ఎక్కడెక్కడ పడిందో దేవుడికే తెలియాలి. మళ్ళీ తెరిచి చూస్తే లోపలి మెషీన్ మేడమ్ ఇచ్చిన రోజులాగా కడిగినట్టుంది. లెక్క లేదు. సంఖ్య లేదు. ఎలుబీ పైప్రాణాలు పైనే పోయాయి.

ఇంత చేసీ, కరెంటు పోనేలేదు. మిల్లు బెల్టు జారిందట.

మధ్యాహ్నం వైసన్ వచ్చేసరికి ఎలుబీ మొహం పాలిపోయి ఉంది. విషయం విని ఆయన బూట్లు విప్పుతూ, "ఓస్, ఇంతేనా! కళ్ళారా చూశావు కదా, రాసెయ్" అన్నాడు.

"చూశాననే అనుకుంటున్నా, తాదాలా నాన్నా."

"అనుకోవడమేంటి? చూశావా, లేదా?"

"చూశా... ఎవరైనా లెక్క చూపించమంటే?"

"ఎవడడుగుతాడు? ఊరికే బెంబేలెత్తి నన్ను చంపకు."

ఎలుబీ ముప్పై ఏడని రాసింది. లోపలి మెషీన్ ఇచ్చిన ఫలితం అని దాని పక్కనే టైపు చేసింది. సోమవారం థీసిస్ ఇచ్చేసింది.

లెక్క మాత్రం మళ్ళీ మొదట్నించీ పెట్టింది, తన మనశ్శాంతి కోసం. అది నడుస్తుండగానే థీసిస్ మీద ప్రశ్నలడిగే పరీక్ష రోజు వచ్చింది. లుసాకా నుంచి వచ్చిన ప్రొఫెసరు పేజీ తిప్పినప్పుడల్లా ఆ సంఖ్యున్న పేజీ వచ్చిందేమోనని ఎలుబీ తొంగి చూసింది. ఆయన ఆ పేజీ దగ్గర ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "ముప్పై ఏడా! చాలా బాగుందమ్మా" అని తిప్పేశాడు. పాసైందన్నారు. అందరూ చేతులు కలిపారు. సంగాలా మేడమ్ కావలించుకుంది. ఎలుబీ చెయ్యి మంచుగడ్డలా ఉందని అందరూ నవ్వారు.

మంగళవారం మధ్యాహ్నం ఎలుబీ ఎండుచేపలు కడుగుతుంటే లోపలి మెషీన్ లెక్క ముగించింది. తడిచేత్తోనే వచ్చి చూసింది. ముప్పై ఎనిమిది.

మళ్ళీ చూసింది. వేలితో తెర తుడిచి చూసింది. అప్పుడు కంగారులో తప్పు చదివిందా? నిద్రపుచ్చుతూ లేపుతూ ఉంటే మొదటి లెక్కే చెడిందా? చూసుకుందామంటే ఆ మొదటి లెక్క ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. వైసన్‌కి చెబితే ఏమంటాడో తెలుసు. ఇద్దరం నోరు మూసుకుంటే సరి అంటాడు. నిజమే, ఎవరికీ తెలియదు. ఎలుబీకి ఏడుపొచ్చింది. ఇంత భయం ఆమె జన్మలో ఎరగదు. ఆ భయంతోనే ఫోన్ తీసింది.

"ఏంటి ఎలుబీ, పట్టా గౌను కొలతలకా?" అంది అవతల మేడమ్ హుషారుగా.

"కాదండీ. ఆ ముప్పై ఏడు మెషీన్ ఇచ్చిందని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదండీ. అంతా చెరిగిపోతే గుర్తున్నది రాశాను. ఇప్పుడు మెషీన్ ముప్పై ఎనిమిదంటోంది."

అవతల కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది.

"థీసిస్ మీద నీ సంతకం పక్కన నాదీ ఉంది, తెలుసా?" అంది మేడమ్. ఆ గొంతులో హుషారు లేదు, కోపమూ లేదు. భయం ఉంది. "దేన్నీ ముట్టుకోకు. వస్తున్నా."