నిప్పు ముట్టని నువ్వుల ముద్దలు

ఆ రోజు గోడ మట్టి నాకు రుచిగా అనిపించింది. పాప పుట్టి నెల దాటింది. గోడ వైపు తిరిగి మంచంలో పడుకుని ఉంటే, బయట ఎవరో వాకిలి అలుకుతున్నట్టున్నారు, తడి మట్టి వాసన వచ్చింది. నోట్లో నీళ్లూరాయి. గోరుతో గోడ పెచ్చు ఒకటి గీకి నోట్లో వేసుకున్నాను. సిగ్గేసింది. అయినా ఇంకొకటి గీకాను. వారం తిరిగేసరికి మంచం పక్కన గోడలో నా పిడికిలి పట్టేంత గుంట పడింది.

నేను చెప్తుంటే ఇది నా మనవరాలు రాస్తోంది. "మట్టి తిన్న సంగతి రాయొద్దు నానమ్మ, ఇజ్జత్ పోతది" అంటోంది. తిన్నది నేను. పోతే నా ఇజ్జత్. రాయి.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఇబ్రహీంపట్నంలో మాది నాలుగెకరాల సేద్యం. నా పెనిమిటి నిజాంకు ఎదురు నిలిచిన సంఘంలో తిరుగుతున్నాడని పోలీసులు వెతుకుతుంటే ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఇంట్లో మిగిలింది నేను, పాప, మా అత్త ఎల్లమ్మ.

గోడలో గుంట చూసి అత్త నాకు గాలి సోకిందంది. నిమ్మకాయ తిప్పి వీధిలో పారేసింది. నాకు సోకింది గాలి కాదు, ఆకలి. మా ఇంట్లో బాలింత పథ్యమంటే పాత బియ్యం అన్నం, ఎల్లిపాయ కారం. అంతే. పండు ముట్టకూడదు, పల్లీలు ముట్టకూడదు, నువ్వుల పేరే ఎత్తకూడదు. మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చేది. అత్త చెడ్డది కాదు. పాపకు రోజూ తనే నూనె రాసి నీళ్లు పోసేది, నా కాళ్లు వాస్తే కూర్చుని పిసికేది. తిండి దగ్గర మాత్రం బండరాయి.

రెండో నెలలో బావి దగ్గర బిందె ఎత్తబోయి కళ్లు బైర్లు కమ్మి పడిపోయాను. ఆ తర్వాత నాలుగడుగులు వేసినా ఆయాసం, గుండె దడ. పాలు తగ్గాయి. పాప రొమ్ము వదిలేసి ఏడుస్తుంటే నాకు మొదటిసారి భయం వేసింది. నేను పోతే ఇది ఏం తాగి బతుకుతుంది? మా అన్నకు కబురు పెట్టాను. బండి కట్టుకుని వచ్చాడు. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"దవాఖానకు తీస్కపోతున్న అత్త, కాటికి కాదు. జర జరుగు" అన్నాడు అన్న.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ నా కంటి కింది రెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. వేలికి సూది గుచ్చి బ్లడ్ టెస్టుకు పంపింది. కాగితం వచ్చాక అడిగింది.

"మట్టి తింటున్నవా?"

తల దించుకున్నాను.

"సిగ్గెందుకు? ఒంట్ల రక్తం లేకనే మట్టి మీదికి పాణం పోతది. దీన్ని అనీమియా అంటరు. నీకు ఉండాల్సిన దాంట్ల సగం గూడ లేదు."

ఐరన్ మిక్చర్ సీసా ఇచ్చింది. ఆకుకూరలు, ఖర్జూరం, నువ్వులు, పల్లీలు, బెల్లం తినమంది. మా అత్త తిననియ్యదన్నాను.

"నువ్వు పోతే ఆమె పత్తెం ఎవరికి పెడ్తదట? పోయి గా మాట అడుగు" అంది.

అన్న అవన్నీ బజారులో కొని మూట కట్టించాడు. ఇంటికి రాగానే డాక్టరమ్మ మాటను ఉన్నదున్నట్టు అత్తను అడిగాను. తిట్టలేదు. మూట తీసుకెళ్లి అటక మీద పెట్టింది.

"నువ్వులు తింటె పాలు ఏడి చేస్తయ్. పోరికి బేదులయితయ్. నీకు తెల్వది, ఊకో."

మిక్చర్ మాత్రం తాగనిచ్చింది, అది మందు కాబట్టి. తుప్పు నాకినట్టుండేది. పళ్లు నల్లబడ్డాయి. ఒట్టి అన్నం కారం మీద అది కడుపులో తిప్పేది. పదిహేను రోజులు అలాగే నెట్టుకొచ్చాను.

ఒక పొద్దున రజాకార్లు వస్తున్నారని ఊళ్లో గగ్గోలు పుట్టింది. సంఘపోళ్ల ఇళ్లవాళ్లు ముందు వెళ్లిపోవాలన్నారు. అత్త పాపను ఎత్తుకుని బియ్యం సంచి చంకన పెట్టుకుంది. నేను అటక మీది మూట దించి నడుముకు కట్టుకున్నాను. గుట్టలెక్కుతుంటే కాలు జారి మిక్చర్ సీసా పగిలింది. నల్లటి మందు బండ మీద పారుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడవడానికి కూడా ఊపిరి లేదు.

గుట్టల్లో ఏడెనిమిది ఇళ్లవాళ్లం చేరాం. పొగ కనిపిస్తే దొరికిపోతాం కాబట్టి ఎవరూ పొయ్యి ముట్టించొద్దని పెద్దలు చెప్పారు. అత్త తెచ్చిన బియ్యం సంచిలోనే ఉండిపోయింది. మొదటి రోజు ఎవరో ఇచ్చిన గుప్పెడు పేలాలతో గడిచింది.

రెండో రోజు మధ్యాహ్నం బండ మీద కాలు పెడితే చురుక్కుమంది. నడి ఎండాకాలం. అప్పుడు తట్టింది నాకు. మూట విప్పి పల్లీలు, నువ్వులు ఆ బండ మీద పలుచగా పరిచాను. పొద్దు వాలే వేళకు పల్లీ పొట్టు చేత్తో నలిపితే ఊడొచ్చింది. ఖర్జూరం గింజలు తీసి రాతితో మెత్తగా నూరాను. అందులో బెల్లం చిదిమి, పల్లీలు బద్దలుగా దంచి, నువ్వులు కలిపి పిసికాను. పాకం పని ఖర్జూరం జిగురే చేసింది. చేతికి అంటుకుంటుంటే ఇంకో గుప్పెడు నువ్వులు వేశాను. ఉసిరికాయంత ముద్దలు పదకొండు వచ్చాయి.

"పారెయ్" అంది అత్త.

"పారెయ్య. నిప్పు లేక నీ పత్తెం ఉడకది. దీనికి నిప్పు పనిలేదు. నేను తింట."

"నేను సుత తిన్ననే" అంది అత్త. ఆమె గొంతు అలా వినడం అదే మొదటిసారి. "నీ పెనిమిటి కంటె ముందుగాల నాకొక ఆడపిల్ల. బాలింతగున్నప్పుడు ఆశకు పిడికెడు నువ్వులు తిన్న. నాలుగో దినం పిల్లకు బేదులు పట్టినయ్. పోయింది. నీ నోరే మింగిందని మా అత్త నా మొఖం మీదనే అన్నది."

పండుగకు నువ్వులుండలు చేసి ఊరంతా పంచి, తను ఒక్కటీ నోట పెట్టకపోవడం నేను చూశాను. పంటినొప్పి అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆ అత్తగారెవరో ఆమె మీద ఒళ్లు మండిపోయింది. ఏడుస్తూనే ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అత్త ఎదురుగానే తిన్నాను. మట్టి దాచుకుని తిన్నదాన్ని, తిండి కూడా దాచుకునే తినాలా?

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.  అత్త పాప గుడ్డలు విప్పి విప్పి చూసేది. మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు పాపకు విరేచనాలు పట్టుకున్నాయి.

 అత్త పాపను గుండెకు అదుముకుని కూర్చుంది. తిడితే బాగుండేది. మిగిలిన ముద్దలు లోయలోకి విసిరేద్దామని లేచాను. అప్పుడు పక్క బండ చాటునుంచి ఇంకో తల్లి ఏడుపు వినిపించింది. ఆమె కొడుకుకూ విరేచనాలే. నాలుగేళ్ల వాడు, ఎప్పుడో పాలు మానేశాడు. పక్కన ఇంకో ఇంటి ముసలాయనకూ అంతే. అందరం తాగేది బండ గుంటలో నిలిచిన నీళ్లు. పాప పెదవులు అత్త తడిపేదీ ఆ నీళ్లతోనే.

"అత్త, గా పోరడు నా పాలు తాగిండా? గా ముసలాయన తాగిండా? అందరు తాగింది గీ గుంట నీళ్లే" అన్నాను.

అత్త గుంట దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"గా యేడు సుత మా బావి నీళ్లు చెడ్డయ్. వాడకట్టుల శానమంది పిల్లలు పోయిన్రు" అంది.

ఆ సాయంత్రం తనే కిందికి దిగి వాగు ఇసుకలో చెలిమ తవ్వి, ఊరిన నీళ్లు పైగుడ్డతో వడగట్టి తెచ్చింది. పాపకు నీళ్లు పూర్తిగా మానేసి పాలే ఇచ్చాను. రెండు రోజుల్లో విరేచనాలు కట్టాయి. నేను ముద్దలు తింటూనే ఉన్నాను.

ముద్దలతోనే నయమైందని అబద్ధం చెప్పను. రజాకార్లు వెళ్లిపోయారని తెలిసి ఊరికి తిరిగి వచ్చాక అన్న మళ్లీ ఐరన్ మిక్చర్ తెచ్చి ఇచ్చాడు, విడవకుండా తాగాను. అయితే ఈసారి కడుపులో తిండి ఉంది, అందుకని తిప్పలేదు. పోలీసు చర్య జరిగి దారులు తెరుచుకున్నాక మళ్లీ దవాఖానకు బయలుదేరాను. నా పెనిమిటి ఇంకా ఇల్లు చేరలేదు. నిజాంను దించడానికి వచ్చిన సైన్యం కూడా సంఘపోళ్లను వెతుకుతూనే ఉంది. ఆయన రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ రోజు బండిలో నాకంటే ముందు ఎక్కి కూర్చుంది మా అత్త.

డాక్టరమ్మ రెప్ప లాగి చూసి, "ఎర్రబడ్డది. మంచిగ తిన్నవ్" అంది. నేను లేవబోతుంటే అత్త ముందుకొచ్చింది.

"అమ్మా, తల్లి నువ్వులు తింటె బిడ్డ సస్తదా?"

"సావదు. బేదులు చెడు నీళ్లకు పడ్తయ్. నువ్వులు ఏం చేసినయ్?"

బయటికొచ్చి అత్త మెట్ల మీద కూర్చుంది. నేను దారికి చేసుకొచ్చిన మూటలోంచి ముద్ద ఒకటి అడిగి తీసుకుంది. చాలాసేపు నమిలింది. నమిలి మింగాక, మా ఇంట్లో ఎవరూ అంతవరకు ఎత్తని పేరు చెప్పింది.

"లచ్చిమి. దాని పేరు లచ్చిమి" అంది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. రోజూ చెరువు కట్ట దాకా నడిచి వస్తాను. మా చేను చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతారు, మా నాలుగెకరాలు మాత్రం నేను అమ్మనివ్వలేదు. మనవరాలు ముద్దల్లో బాదం, ఎండుద్రాక్ష వేసి మిక్సీలో తిప్పి ఫ్రిజ్‌లో పెడుతుంది. పెట్టుకోనీ. నువ్వులు తగ్గిస్తే మాత్రం ఊరుకోను.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో బాలింతకు అది వద్దు, ఇది వద్దు అనేవాళ్లు ఉంటే వాళ్ల ముందే తినండి, భయపడకండి. కానీ దవాఖానకు వెళ్లేటప్పుడు వాళ్లనూ వెంట తీసుకుపొండి. డాక్టరును వాళ్లు అడగాల్సింది ఒకటి ఉంటుంది. అడిగేదాకా ఆగండి. వచ్చేటప్పుడు వాళ్లు తినడానికి మూటలో ఒక ముద్ద ఎక్కువ పెట్టుకోండి.