దొర మాటకు నేను పాడిన వంత

ఉపన్యాసం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈమధ్య మా వైపు బడి నడిపేవాళ్ళు ఆదివారం పూట సువా పట్నం నుంచి ఎవరో ఒక పెద్దమనిషిని పిలిపిస్తున్నారు. ఒకాయన మనసు గురించి చెబుతాడు, ఇంకొకాయన గాలీ వెలుతురూ వచ్చేట్టు ఇల్లు ఎలా కట్టుకోవాలో చెబుతాడు. మంచి మాటలే, కాదనను. ముందు వరసలో కూర్చోమని మనవలు హిందీలో బతిమాలుతారు. కాళ్ళు నొప్పులని చెప్పి తప్పించుకుంటాను. కాళ్ళకేం రోగం, నిక్షేపంలా ఉన్నాయి. రోగమంతా నా నోటిది.

పడుచు వయసులో గిర్మిట్ అనే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద సంతకం పెట్టి ఫిజీకి వచ్చాను, ఈ సంగతి జరిగేనాటికి రెండేళ్ళు దాటింది. రాకిరాకి వైపు ఒక చెరుకుతోటలో పని. మమ్మల్ని ఉంచిన పొడుగాటి కొట్టాలను లైన్లు అనేవారు. గదికీ గదికీ మధ్య గోడ కప్పు దాకా ఉండేది కాదు. ఈ చివర గదిలో దగ్గితే ఆ చివర గదిలో తెలిసేది. నేను విశాఖపట్నం వైపు మిషను బడిలో నాలుగు తరగతులు వెలగబెట్టినవాణ్ణి. గుమస్తా పని ఇప్పిస్తామంటే నమ్మి ఓడెక్కాను, ఇక్కడ చేతికి పార ఇచ్చారు. మా పని చూసే తెల్లదొరను అందరం కులంబర్ అనేవాళ్ళం. మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్ళకు ఏదైనా చెప్పాలంటే ఆయన నన్నే పిలిచేవాడు. ఆ కాస్తకే నా కళ్ళు నెత్తికెక్కాయి.

ఒకే ఓడలో వచ్చినవాళ్ళం తోబుట్టువులం. ఊరూ కులమూ సముద్రం అవతలే ఉండిపోయాక మాకు మిగిలిన చుట్టరికం అదొక్కటే, దాన్ని రక్తసంబంధం కంటే గట్టిగా పాటించేవాళ్ళం. అలా నాకొక చెల్లెలు దొరికింది. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడు ఆమెకు చెప్పకుండా కూలీలను ఓడెక్కించే మద్రాసు డిపో నుంచే వేరే ఓడలో ఎటో పోయాడు. మా ఓడలో ఆమె నాలుగేళ్ళ కొడుకు రక్తవిరేచనాలతో చనిపోయాడు. ఆ చిన్న మూటను నీళ్ళలోకి వదిలినప్పుడు ఆమెను పట్టుకుని నిలబడింది నేనే. అప్పటికామె కడుపుతో ఉంది. ఇక్కడికి వచ్చాక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు మాటలు రాగానే నేర్చిన మొదటి రెండు ముక్కల్లో ఒకటి అమ్మ, రెండోది మామ. మా గదులు పక్కపక్కనే.

ఒక ఆదివారం పొద్దున్నే మా కూలీల మేస్త్రీ సర్దారు లైన్ల వెంట కేకేసుకుంటూ వచ్చాడు. సువా నుంచి డాక్టరు దొర వచ్చాడు, అందరూ వంటపాక ముందుకు రావాలి, ఆయన మాట్లాడతాడు. మా ఆడవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. వారానికి ఒక్కరోజు సెలవు, బట్టలు ఉతుక్కునేదెప్పుడు, తల అంటుకునేదెప్పుడు? అయినా తప్పదు కదా, వచ్చి గడ్డిలో కూలబడ్డారు.

ఆ దొర చెడ్డవాడు కాదు. సన్నగా, ఎర్రగా, చెమటలు కక్కుకుంటూ నిలబడ్డాడు. బల్ల మీద ఒక ఇత్తడి గొట్టం పెట్టుకున్నాడు. జబ్బు అమ్మవారి కోపంతో రాదన్నాడు. దిష్టితోనూ రాదన్నాడు. మనం తాగే నీళ్ళలో కంటికి ఆనని జీవాలు ఉంటాయి, అవి కడుపులో చేరి మనిషిని తింటాయి, నీళ్ళు మరగకాస్తే చస్తాయి అన్నాడు. మనసు చూసినదాన్ని వదలదు, అందుకే మీకు మాటలతో కాదు, చూపించి చెబుతాను అన్నాడు. ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చెప్పి ఆగేవాడు. ఆగినప్పుడల్లా నేను తెలుగులో అందుకునేవాణ్ణి.

అక్కడే కొంప మునిగింది. మా ఊళ్ళో జంగం కథ చెప్పేటప్పుడు పక్కన వంతవాడు ఉంటాడు. కథకుడు ఒక ముక్క అంటే వంతవాడు దాన్ని అందుకుని సాగదీస్తాడు, హాస్యం కలుపుతాడు, ఊరి సంగతులు దూర్చి జనాన్ని నవ్విస్తాడు. ఉన్నమాట ఉన్నట్టు తిరిగి చెప్పేవాణ్ణి ఎవడూ వంతవాడనడు. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు అందుకోవడమంటే నాకు తెలిసింది అదొక్కటే. దొర "నీళ్ళు కాచి తాగండి" అన్నాడు. నేను లేచి, గొంతు పెంచి, చెయ్యి తిప్పుతూ అందుకున్నాను.

"ఇనుకోండర్రా! గంట కొడితే కొట్టనీ, కులంబర్ కేకేత్తే ఎయ్యనీ! పని ఎక్కడికీ పారిపోదు. ముందు నీల్లు కాగాల, తరవాతే కాలు గడప దాటాల! దొర మాట ఇది!"

జనం ఘొల్లుమన్నారు. ఈలలు వేశారు. కులంబర్ చెట్టు కింద చుట్ట కాల్చుకుంటున్నాడు, ఆయనకు తెలుగు ముక్క రాదు. డాక్టరు దొర ముఖం వెలిగిపోయింది. తన మాట ఇంత బాగా ఎక్కిందనుకున్నాడు పాపం, నా భుజం తట్టాడు. నేను ఉబ్బిపోయాను.

తరవాత మా వాగులోంచి తెచ్చిన నీటిచుక్కను గొట్టం కింద పెట్టి ఒక్కొక్కరినే చూడమన్నారు. చాలామంది చూసి నవ్వారు. నా చెల్లెలు చూసి నవ్వలేదు. వెనకవాళ్ళు తోసేదాకా కన్ను తియ్యలేదు. ఆ సాయంత్రం గడపలో కూర్చుని అడిగింది.

"అన్నా, ఓడలో నా కొడుకు కడుపులో ఉన్నయి అయ్యేనా?"

"అయ్యే అయ్యుంటాయమ్మా."

"గంట కొట్టినా సరే ముందు నీల్లు కాయాల అన్నాడు కదా దొర. నిజంగా అన్నాడా, నువ్వు తమాసాకి అన్నావా?"

చూడండి, ఎంత సూటిగా అడిగిందో! అప్పుడైనా నేను నిజం చెప్పి ఉండొచ్చు. కానీ పొద్దున్న తట్టిన భుజం ఇంకా వెచ్చగానే ఉంది. లైన్లలో అందరూ నన్ను దుబాసీ గారూ అని పిలవడం ఆరోజే మొదలుపెట్టారు. "దొరే అన్నాడు, నేనెందుకు కల్పిస్తాను?" అన్నాను. నా నాలుక పడిపోనూ!

మర్నాటి నుంచి ఆమె నీళ్ళు కాచడం మొదలుపెట్టింది. అది మీరనుకున్నంత తేలిక కాదు. చీకటితోనే గంట కొట్టేవారు. అప్పటికే వంట ముగించి పొలం దారి పట్టాలి. వానల రోజులు, కట్టెలన్నీ తడి. ఊది ఊది కళ్ళు ఎర్రబడేవి. మరిగిన నీళ్ళు చల్లార్చి ఒక ఖాళీ సీసాలో పోసి, పగలంతా పిల్లల్ని చూసే ముసలమ్మకు ఇచ్చి, ఇవి తప్ప వేరేవి తాగించొద్దని ఒట్టు పెట్టించుకునేది. అంతకుముందు నెలనెలా విరేచనాలతో వడిలిపోయే పిల్ల రెండు వారాల్లో తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. "సూడన్నా, సూడు నీ మేనకోడల్ని" అని మురిసిపోయేది. నాకూ సంతోషమే. నా వల్లే కదా అనుకునేవాణ్ణి.

కానీ రోజూ ఆలస్యమే. సర్దారు రెండుసార్లు తిట్టాడు, మూడోసారి కర్ర ఎత్తాడు. ఒకరోజు కట్టెలు అసలు అంటుకోలేదు. గంట మోగినా ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నీళ్ళు మరిగేసరికి బాగా పొద్దెక్కింది. ఇక ఆరోజు పనిలోకి రానివ్వలేదు. అలా మూడు రోజులయ్యాయి. పని ఎగ్గొట్టిందని కులంబర్ కోర్టులో పెట్టాడు.

కోర్టులో హిందీ దుబాసీ ఉన్నాడు గానీ ఆయనకు తెలుగు రాదు. అందుకని తోట తరఫున నన్నే తీసుకెళ్ళారు. నన్ను చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుంది. "మా అన్న ఉన్నాడు, ఇంకేటి బయ్యం" అంది పక్కనున్న ఆడమనిషితో. మేజిస్ట్రేటు ఎందుకు పనికి పోలేదని అడిగాడు. ఆమె చేతులు కట్టుకుని తడబడకుండా చెప్పుకొచ్చింది. ఓడలో పోయిన కొడుకు సంగతి, ఇత్తడి గొట్టంలో కనబడిన పురుగుల సంగతి, తడికట్టెల సంగతి, కోలుకున్న కూతురి సంగతి, అన్నీ. చివర్లో ఇలా అంది.

"గంట కొట్టినా, కులంబర్ కేకేసినా, నీల్లు కాగినాకే కదలమని డాక్టరు దొర అందరి ముందరా సెప్పినాడు బాబూ. నాను దొర మాట మీరనేదు. కావాలంటే మా అన్నని అడగండి, తెలుగులో సెప్పింది ఆడే."

మేజిస్ట్రేటు నా వైపు తిరిగాడు. ఆయన పక్కనే కులంబర్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మాట ఇంగ్లీషులో చెబితే దొర అనలేదని ఇట్టే తేలిపోతుంది. అన్నది నేనని తెలుస్తుంది. కూలీలను పని మానమని ఎగదోసినవాడికి ఏం శిక్ష వేస్తారో నాకు తెలుసు. నా గిర్మిట్ ఇంకా రెండేళ్ళ పైనే ఉంది.

"తప్పు ఒప్పుకుంటోందండి, క్షమించమంటోందండి" అన్నాను. ఇంగ్లీషులో అది నాలుగు ముక్కలు.

ఆమెకు ఇంగ్లీషు రాదు గానీ చెవులున్నాయి కదా. నా ముఖంలోకి వింతగా చూసింది.

"అంతేనా అన్నా? నాను అంత సెప్పినాను, నువ్వు రెండు ముక్కల్లో తేల్చేసినావేటి?"

"ఇంగ్లీషులో అంతే అవుద్దమ్మా" అన్నాను.

నెల రోజుల జైలు వేశారు. పాలు మరిచిన పిల్లను జైల్లోకి రానిచ్చేది లేదన్నారు. ఆమె ఏడవలేదు, కోర్టు మెట్ల మీదే పిల్లను నా చేతికిచ్చి చెప్పింది. "నీల్లు కాసే ఇయ్యన్నా. గంటకి బయపడకు." నేను పిల్లను ఎత్తుకుని తల ఊపాను.

మొదటి రోజు చీకటితోనే లేచాను. పొయ్యి అంటించాను, ఊదాను. గిన్నె అడుగున చిన్న బుడగలు వస్తుండగా గంట మోగింది. బయట సర్దారు బూట్ల చప్పుడు వినబడుతోంది. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. అవే సీసాలో పోసి ముసలమ్మకిచ్చి పార భుజాన వేసుకుని పరుగెత్తాను. రెండోరోజూ అంతే. నాలుగోరోజు కట్టెలే లేవు. ఆ తరవాత పొయ్యి వైపు చూడడమే మానేశాను. వాగు నీళ్ళే ముంచి ఇచ్చాను. పిల్ల రెండు చేతులతో సీసా పట్టుకుని గటగటా తాగేది, "మామా, ఇంకా" అనేది. నేను ఇంకా పోసేవాణ్ణి. ఏం చెయ్యను చెప్పండి? ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే వంద దారులు తోస్తాయి, అప్పుడు ఒక్కటీ తోచలేదు.

మూడోవారంలో విరేచనాలు పట్టుకున్నాయి. తోట ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాను. పనిలోకి పొమ్మని నన్ను వెనక్కి పంపేశారు. నాలుగోరోజు పొలంలో ఉండగా కబురొచ్చింది.

చెల్లెలు విడుదలై వచ్చేసరికి పిల్లను పూడ్చి ఆరు రోజులైంది. కబురు ఆమెకు దారిలోనే ఎవరో చెప్పేశారు. నా గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆమె కాళ్ళ మీద పడిపోవాల్సింది. పడలేదు. ఆమె ఒక్కటే అడిగింది.

"కాసే ఇచ్చినావు కదన్నా?"

"కాచే ఇచ్చానమ్మా. ఒక్కరోజు కూడా తప్పలేదు."

ఆమె నా మాట నమ్మింది. నన్ను నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది? నిట్టూర్చి లేచి, చెంబు తీసుకుని వాగుకెళ్ళి నీళ్ళు ముంచుకొచ్చి నా ఎదురుగానే గడగడా తాగింది.

"అయితే ఆ దొర సెప్పింది అబద్దమేనన్నా" అంది. "నీల్లలో ఏటీ నేదు. మన రాతే అంత."

నేను అవునన్నాను.